మందు కొట్టినా పురుగు కదులుతోందంటే: కుబుసం తగాదాకు మూలం ఎక్కడ?

మొక్కజొన్న సుడుల్లో కత్తెర పురుగు, శనగలో పచ్చ పురుగు కనిపించిన ప్రతిసారీ లేచే తగాదా మళ్లీ మొదటికొచ్చింది. కుబుసం విడవడాన్ని దెబ్బతీసే మందు కొట్టి రెండు రోజులైనా పురుగు బతికే ఉందని, సరుకు నకిలీదని రైతులు అంటున్నారు. ఈ రకం మందు నిదానంగానే పనిచేస్తుందని, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాల్సిందని డీలర్లు అంటున్నారు.

కుబుసం విడవడం వెనుక హార్మోన్లున్నాయని తేల్చిన తొలి ప్రయోగాలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. నేటి పేచీకి దారితీసిన మలుపు మాత్రం 1988లో వచ్చింది. కుబుసం విడవడాన్ని మొదలుపెట్టించే ఎక్డైసోన్ హార్మోన్‌తో నిర్మాణంలో పోలికే లేని ఆర్‌హెచ్-5849 అనే రసాయనం, కణాల్లో ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకానికే అతుక్కుని గొంగళి పురుగు చేత అకాలంలో కుబుసం విడిపించే ప్రయత్నం చేయిస్తుందని అమెరికాలోని రోమ్ అండ్ హాస్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ ఏడాది వెల్లడించారు. టెబుఫెనొజైడ్, మెథాక్సీఫెనొజైడ్ అనే పురుగుమందులు ఆ దారిలో వచ్చినవే. అంతకు ముందు ఆశలన్నీ జువెనైల్ హార్మోన్ మీదే ఉండేవి. సొంత హార్మోన్‌ను తట్టుకునే శక్తి కీటకానికి అంత తేలిగ్గా రాదని హార్వర్డ్‌కు చెందిన కారల్ విలియమ్స్ 1967లో రాశారు. కానీ ఆ హార్మోన్ పురుగును పిల్లదశలోనే నిలిపి ఉంచుతుంది. దోమల విషయంలో అది మేలే. పైరును మేసేది పిల్లదశే కాబట్టి పొలంలో ఆ ఆశ నిలవలేదు.

కొత్త రసాయనాల పనితీరు వేరు. గ్రాహకానికి ఎక్డైసోన్ తగిలితే మొదట కొన్ని జన్యువులు మేల్కొని కొత్త చర్మం తయారీని మొదలుపెడతాయి. హార్మోన్ మోతాదు తగ్గాకే, ఆ చర్మాన్ని గట్టిపరచి పాతదాన్ని వదిలించే జన్యువుల వంతు వస్తుంది. టెబుఫెనొజైడ్ త్వరగా తొలగిపోదు గనుక ఆ రెండో విడత మొదలే కాదు. పాత తలతొడుగు సగం జారి నోటికి అడ్డంపడి, లోపలి కొత్త దవడలు మెత్తగానే ఉండిపోయి, పురుగు ఆకలితో చస్తుంది. అయితే చావుకు రోజులు పట్టినా, మేత మాత్రం కొద్ది గంటల్లోనే ఆగుతుంది.

రైతు మాటకు బలం ఇక్కడే ఉంది. దుకాణాల్లో ఇదే గాటన కట్టి అమ్మే నొవాల్యూరాన్‌కు హార్మోన్‌తో సంబంధం లేదు. అది చర్మానికి కావాల్సిన కైటిన్ తయారీని అడ్డుకుంటుంది, పురుగు తర్వాతి కుబుసం దాకా మేస్తూనే ఉంటుంది. ‘ఆగి చూడు’ అన్న జవాబు దానికి సరిపోతుంది గానీ, మెథాక్సీఫెనొజైడ్ కొట్టిన మర్నాడూ సుడిలో తాజా లద్దె పడుతుంటే సరిపోదు. చిన్న పురుగు మీదే కొట్టాలన్న డీలర్ల మాట శాస్త్రరీత్యా నిజమే. కానీ తన జీవితకాలపు మేతలో ఎక్కువ భాగం పురుగు చివరి దశల్లోనే మేస్తుంది కాబట్టి, ఆకుల్లో చిల్లులు చూసి రైతు దుకాణానికి వచ్చేసరికే అది ముదిరి ఉంటుంది. ఈ సంగతి అమ్మేవారికి తెలియనిది కాదు.

తట్టుకునే శక్తి తేలిగ్గా రాదన్న విలియమ్స్ ఆశా పూర్తిగా ఫలించలేదు. కైటిన్ తయారీని అడ్డుకునే మందులకు అలవాటుపడిన ఆపిల్ కాయ తొలిచే పురుగు టెబుఫెనొజైడ్‌నూ తట్టుకుంటోందని ఫ్రాన్స్ పరిశోధకులు 1995లోనే చూపారు. విషాన్ని విరిచే ఎంజైముల జన్యువులు అతిగా పనిచేయడం ఇలాంటి నిరోధకతకు ఒక కారణం. అందుచేత వారం దాటినా మేస్తున్న పురుగు విషయంలో తప్పు మందుదా, అదనుదా, నిరోధకతదా అన్నది కౌంటరు దగ్గర వాదనతో తేలదు. మందు నమూనాతో పాటు పురుగు నమూనా కూడా ప్రయోగశాలకు వెళ్లాలి.