రెండు సంస్కృతుల్లో పెరిగే పిల్లలు: అపోహలు - వాస్తవాలు

వలస కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం నా పని. వచ్చేవాళ్ల దేశాలు వేరు, భాషలు వేరు. తల్లిదండ్రుల భయాలు మాత్రం చిత్రంగా ఒకేలా ఉంటాయి. ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: రెండు సంస్కృతుల మధ్య పెరిగితే ఎటూ కాకుండా పోతారు.

వాస్తవం: ఈ భయం పాతదే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ పార్క్ 1928లోనే, రెండు సమాజాల అంచున బతికే మనిషిలో అశాంతి, అస్థిరత ఉంటాయని రాశాడు. ఆ ఊహ పండితుల దగ్గర మొదలై బళ్లకూ ఇళ్లకూ పాకింది. తర్వాత వచ్చిన పరిశోధన దాన్ని బలపరచలేదు. 2013లో ఆంజెలా న్గుయెన్, వెరోనికా బెనెట్-మార్టినెజ్ 83 అధ్యయనాలను కలిపి చూశారు. మానసికంగా, సామాజికంగా బాగా సర్దుకోవడానికి ఏదో ఒక సంస్కృతిని పట్టుకుని ఉండడం కన్నా రెండింటితోనూ మసలడానికే దగ్గర సంబంధం కనపడింది. ఏది దేనికి కారణమో ఆ లెక్క తేల్చదు. బాగా సర్దుకున్నవాళ్లకే రెండూ సులువేమో! అయినా 'ఎటూ కాకుండా పోవడం' అనేది అందులో కనపడదు.

అలాగని అందరికీ సాఫీగా సాగదు. తనలోని రెండు సంస్కృతులూ పొసగుతాయని అనుకునేవాళ్లు కొందరు, వాటి మధ్య నిత్యం తగవే అనుకునేవాళ్లు కొందరు. ఇబ్బంది రెండోవాళ్లకే ఎక్కువ. ఆ తగవు చాలాసార్లు పెద్దలు పెట్టిందే. బడిలో "అసలు నీది ఏ దేశం?" అని, ఇంట్లో "వాళ్లలా తయారవుతున్నావు" అని అనిపించుకునే పిల్లవాడు రెండువైపులా సంజాయిషీ చెప్పుకోలేక అలసిపోతాడు.

అపోహ: ఇంట్లో ఒకలా, బయట ఇంకోలా ఉండడం నటన.

వాస్తవం: యింగ్-యి హాంగ్, ఆమె సహ పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో నాకు బాగా ఇష్టం. రెండు సంస్కృతులూ తెలిసిన హాంకాంగ్ విద్యార్థుల్లో కొందరికి చైనా సంస్కృతి గుర్తులు, కొందరికి అమెరికా గుర్తులు చూపించారు. తర్వాత ఒక చేప మిగతా చేపల గుంపుకు ముందు ఈదుతున్న బొమ్మ చూపించి, ఎందుకలా ఈదుతోందని అడిగారు. చైనా గుర్తులు చూసినవాళ్లు గుంపు ప్రభావాన్ని ఎక్కువగా చెప్పారు. రెండో వర్గం ఆ చేప స్వభావం వైపు మొగ్గింది. రెండు సంస్కృతులు తెలిసినవాళ్లకు చూపు సందర్భాన్ని బట్టి దానంతట అదే మారుతుంది. అందులో మోసం లేదు.

దాపరికం వేరే సంగతి. తెలిస్తే తల్లిదండ్రులు మాట్లాడడం మానేస్తారన్న టెన్షన్‌తో స్నేహాలూ ఇష్టాలూ దాచిపెట్టే పిల్లలు ఉంటారు. వాళ్లను నిజంగా నలిపేది ఆ భయమే.

అపోహ: ఇంటి భాష మానేసి బడి భాషలోనే మాట్లాడితే పిల్లలు పైకొస్తారు.

వాస్తవం: కుటుంబాలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఇదేనని నా అభిప్రాయం. ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ 1962లో కెనడాలోని మాంట్రియల్ పిల్లలపై చేసిన అధ్యయనంలో రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లు వెనకబడలేదు సరికదా, తెలివితేటల పరీక్షలు చాలావాటిలో ముందున్నారు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. చిన్నపిల్లలకు ఒక్కో భాషలో తక్కువ మాటలు వచ్చినట్టుంటే రెండు భాషల్లోనివీ కలిపి లెక్కపెట్టాలి. నిజంగా భాషాలోపం ఉంటే అది రెండింటిలోనూ కనపడుతుంది.

అసలు నష్టం పదేళ్ల తర్వాత బయటపడుతుంది. అయిదేళ్ల పిల్లతో 'పడుకో', 'రా', 'చెప్పులేసుకో' అంటే రోజు గడిచిపోతుంది. పదిహేనేళ్ల పిల్లతో భయం గురించి, ప్రేమ గురించి, పరీక్ష తప్పడం గురించి మాట్లాడాలి. అమ్మానాన్నలకు బడి భాషలో అంత లోతు ఉండదు, పిల్లకు ఇంటి భాష అప్పటికే జారిపోయి ఉంటుంది. సరిగ్గా గొడవ పడడానికి కూడా ఉమ్మడి భాష మిగలదు. తలుపు వేసుకోవడం, కేకలు, మౌనం మిగులుతాయి. వచ్చీరాని భాషలో మందలించే నాన్న, తన భాషలో ఎంత చమత్కారంగా మాట్లాడతాడో ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు.

అలెహాండ్రో పోర్టెస్, రూబెన్ రుంబాట్ 1992లో అమెరికాలోని మయామీ, శాండియేగో ప్రాంతాల్లో 5,000కు పైగా వలస కుటుంబాల పిల్లలతో మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనం కూడా ఇదే వైపు చూపిస్తుంది. పిల్లలు కొత్త భాషలోకి, పద్ధతుల్లోకి వేగంగా వెళ్లిపోయి, తల్లిదండ్రులు వెనక మిగిలిపోయి, మధ్యలో ఇంటి భాష కూడా తెగిపోతే పెద్దల మాటకు పట్టు పోతుంది. కొత్త భాష నేర్చుకుంటూనే ఇంటి భాష నిలుపుకున్న కుటుంబాల్లో ఆ దూరం తక్కువ. నా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లను మీ పిల్లలు ఏ పండుగలు చేస్తారని నేను అడగను. చివరిసారి అరగంట ఏ విషయం మీద మాట్లాడుకున్నారు, ఏ భాషలో, అని అడుగుతాను.

అపోహ: తల్లిదండ్రులకు దుబాసీగా ఉంటే పిల్లలకు బాధ్యత అలవడుతుంది.

వాస్తవం: సగం నిజం. బడి నుంచి వచ్చిన ఉత్తరం చదివిపెట్టడం, కొట్లో బేరం కుదర్చడం వాళ్లకు గర్వంగానే ఉంటుంది. డాక్టర్ గదిలో అమ్మ జబ్బు గురించి, బ్యాంకులో నాన్న అప్పు గురించి మాట్లాడించకండి. చెడ్డ వార్త ముందుగా పిల్లల చెవిన పడుతుంది, తర్వాత వాళ్లే దాన్ని అమ్మకు చెప్పాలి. కంగారులో సగం మింగేస్తారు కూడా. ఆసుపత్రిలో దుబాసీ కావాలని ముందే అడగండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు.

అపోహ: సెలవులకు సొంత దేశం తీసుకెళ్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: వెళ్లడం మంచిదే. కానీ అక్కడ బంధువులు పిల్లల యాసను ఎగతాళి చేస్తుంటే మీరు కూడా కలిసి నవ్వకండి.

అపోహ: టీనేజ్ పిల్లలతో గొడవలన్నీ 'ఈ దేశం' వల్లే.

వాస్తవం: రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలన్న గొడవ ఎక్కడికీ వలసపోని ఇళ్లలోనూ ఉంటుంది. ఇది మాకూ, అంటే కౌన్సెలర్లకూ, వర్తించే అపోహే. ప్రతిదాన్నీ సంస్కృతి ఖాతాలో వేస్తే పిల్లల డిప్రెషన్ కంటపడదు. రెండు వారాలుగా నిద్ర చెడి, ఇష్టమైన ఆటలు కూడా మానేసి, స్నేహితులకు దూరంగా ఉంటున్న పిల్లల్ని 'ఇక్కడి గాలి సోకింది' అని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించాలి. చచ్చిపోవాలనుందని అంటే ఆ రెండు వారాలు కూడా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.