ఉక్కులో చిటికెడు ఆక్సైడ్

ప్రియమైన పిల్లలకు,

600 డిగ్రీల సెల్సియస్ దాటాక మామూలు ఉక్కు మెత్తబడుతుంది. దానిమీద బరువు ఉంటే నెమ్మదిగా సాగుతుంది. అణు రియాక్టర్లో ఇంధనాన్ని నింపి ఉంచే గొట్టం అలా సాగితే ప్రమాదం. అలాంటి చోట్ల కోసం ఓడీఎస్ ఉక్కు, అంటే సన్నని ఆక్సైడ్ రేణువులు అంతటా చెదిరి బలమిచ్చే ఉక్కు, తయారుచేస్తున్నారు. అందులో ఇట్రియం అనే లోహపు ఆక్సైడ్ సాధారణంగా 0.3 శాతమే ఉంటుంది.

ఇంత కొంచెం ఎలా సరిపోతుంది? లోహం వంగేటప్పుడు పరమాణువుల వరుసలన్నీ ఒక్కసారిగా జరగవు. వాటి మధ్య డిస్‌లొకేషన్ అనే లోపం పాకుతుంది. దారిలో గట్టి రేణువు తగిలితే అక్కడ చిక్కుకుంటుంది. రేణువులు దగ్గరదగ్గరగా ఉన్నకొద్దీ ఉక్కుకు బలం. రేణువు అడ్డుకొలత సగమైతే అదే సరుకుతో ఎనిమిది రేణువులు వస్తాయి! అందుకే ఆక్సైడ్ ఎంత వేశారని అడిగేముందు, ఎంత సన్నగా ఉందని అడుగుతాను.

ఆక్సైడ్ ఉక్కుకంటే తేలిక. కరిగిన ఉక్కులో వేస్తే పైకి తేలి ముద్దకడుతుంది. అందుకని ఉక్కు పొడినీ ఆక్సైడ్ పొడినీ కలిపి బాల్ మిల్లులో, అంటే గట్టి గుండ్లు దొర్లే డ్రమ్ములో, గంటల తరబడి నూరుతారు. ఇట్రియం, ఆక్సిజన్ ఇనుములోకి ఇంకిపోతాయి. తర్వాత 1100 డిగ్రీల దగ్గర వేడిచేసి ఒత్తినప్పుడు రేణువులుగా మళ్లీ బయటపడతాయి. అప్పుడు టైటానియం తోడుంటే 2 నుంచి 5 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) రేణువులు వస్తాయి. నాకు ఇందులో ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే. అల్యూమినియం ఉంటే మాత్రం ఇట్రియం దానితో జతకట్టి పెద్ద రేణువులవుతుంది, బలం తగ్గుతుంది. అయినా దాన్ని తీసేయమనలేం. ఉక్కుపైన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర కట్టి, ఎర్రగా కాలే వేడిలోనూ ఉక్కును కాపాడేది అదే. అలాంటి ఉక్కులో కొద్దిగా జిర్కోనియం కలిపితే రేణువులు మళ్లీ సన్నబడతాయి.

క్రోమియం తుప్పును ఆపుతుంది. కానీ బాగా ఎక్కువైతే, 475 డిగ్రీల దగ్గర చాలాకాలం ఉన్న ఉక్కు పెళుసుబారుతుంది. టంగ్‌స్టన్ ఇనుములో కలిసి కొంత బలమిస్తుంది.

ఎంఏ956 అనే ఉక్కులో ఇట్రియం ఆక్సైడ్ 0.5 శాతం, అల్యూమినియం 4.5 శాతం ఉంటాయి. ఎంఏ957లో ఆక్సైడ్ అందులో సగమే, 0.25 శాతం. అల్యూమినియం కలపరు, టైటానియం 1 శాతం వేస్తారు. బలంలో ఎంఏ957దే పైచేయి. మండే గాలికి తట్టుకోవడంలో ఎంఏ956ది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య