రెండో స్పేస్ ఎందుకు? డెబియన్ ప్యాకేజీ వివరణల వెనుక కథ

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ కోసం మొదటిసారి ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రామ్) తయారుచేసినప్పుడు, నా ప్రోగ్రామ్ చేసే మూడు పనులను వరుసకొకటిగా వివరణలో రాశాను. ప్యాకేజీ మేనేజర్ తెరచి చూస్తే అన్నీ కలిసిపోయాయి: "* సైజు మార్చడం * రంగు సరిచేయడం * పేరు మార్చడం". తప్పు దొరకడానికి గంట పట్టింది. ప్రతి వరుస ముందూ ఒకే స్పేస్ ఉంది. రెండు ఉండాలి.

ఈ పద్ధతి మూలాలు ఈమెయిల్‌లో ఉన్నాయి. 1982 నాటి ఈమెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సి 822 ప్రకారం హెడర్ (పంపినవారు, విషయం లాంటివి చెప్పే మొదటి భాగంలోని వరుస) పొడుగైతే తర్వాతి వరుస స్పేస్‌తో గానీ ట్యాబ్‌తో గానీ మొదలవ్వాలి. ఖాళీ వరుస వచ్చిందంటే హెడర్లు అయిపోయినట్టే. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌లో, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలు ఈ రూపాన్నే తీసుకుంది. దాంతో ఒక చిక్కు వచ్చింది. వివరణలో రెండు పేరాల మధ్య ఖాళీ వరుస వదిలితే, ఆ ప్యాకేజీ సమాచారమే అక్కడితో ముగిసిపోతుంది. అందుకే అక్కడ ఒక స్పేస్, దాని పక్కన ఒక్క చుక్క పెడతారు. చదివేవాళ్లకు అది ఖాళీ వరుసగా కనిపిస్తుంది.

మిగతాది స్పేస్‌ల లెక్క. ముందు ఒక్కటే ఉంటే అది మామూలు పేరా, తెర వెడల్పును బట్టి సాఫ్ట్‌వేర్ వరుసలను కలిపి మళ్లీ విరవొచ్చు. రెండు లేక ఎక్కువ ఉంటే ఉన్నది ఉన్నట్టు చూపాలి. 80 అక్షరాల టెర్మినల్‌లోనూ పెద్ద విండోలోనూ ఒకే వివరణ చదవాలి కాబట్టి పేరాలను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం సరైన నిర్ణయమే. కానీ ఇంత ముఖ్యమైన తేడాను కంటికి కనిపించని గుర్తు మీద పెట్టడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఆప్టిట్యూడ్ అనే ప్యాకేజీ మేనేజర్ అయితే * లాంటి గుర్తులతో మొదలయ్యే జాబితాలను తనంతట తానే పోల్చుకునే ప్రయత్నం చేస్తుంది. ఒకచోట బాగా కనిపించింది కదా అని ఊరుకుంటే ఇంకోచోట చెదిరిపోతుంది.

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్రశ్నలడిగే డెబ్‌కాన్ఫ్ సందేశాలకూ దాదాపు ఇవే నియమాలు. వాటిని తెలుగులోకి తెచ్చేవాళ్లు వరుస మొదట్లోని స్పేస్‌ను టైపింగ్ పొరపాటనుకుని తీసేస్తే, జాబితా చెదిరేది తెలుగులో చదివేవాళ్లకు మాత్రమే. ప్యాకేజీ తయారుచేసినవాళ్లకు తెలుగు రాకపోతే అది వాళ్ల కంట పడదు. ఇంగ్లిష్ వివరణలో ఇలా ఒకే స్పేస్ ఉన్న జాబితా కనిపిస్తే, ప్యాకేజీల్లో తప్పులు వెతికే లింటియన్ అనే సాధనం హెచ్చరిస్తుంది. ఆ రోజు నేను దాన్ని నడపలేదు.