లోతులో ఉంటే క్షేమమేనా? ముక్కు తిమింగలాలపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం వైపు ఏ తిమింగలం కొట్టుకొచ్చినా నా ఫోన్‌కి ఫోటోలు వచ్చిపడతాయి. "ఇది మీదేనా?" అని చుట్టాల జోకు. సముద్రంలోకి దించిన మైకుల్లో ముక్కు తిమింగలాల (బీక్డ్ వేల్స్) చప్పుడు వెతకడం నా పని. వాటి క్లిక్కులు 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, మన చెవి 20 దాటితే పనిచెయ్యదు. అందుకని వినేదేమీ లేదు, తెర మీద గీతలు చూస్తూ కూర్చుంటాం.

వీటిలో 20కి పైగా జాతులున్నాయి. వాటిలో ఒకటైన కువియర్ తిమింగలానికి 1823లో పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త కువియర్, పుర్రె ఒక్కటే చూసి అది ఏనాడో అంతరించిన జంతువు అనుకున్నాడు. అదేమో సముద్రంలో తిరుగుతూనే ఉంది.

అపోహ: అంత లోతులో బతికేవాటికి మనతో ఏం ఇబ్బంది?

కువియర్ తిమింగలం 2,992 మీటర్ల లోతుకు దిగినట్టు, ఒక్క మునకలో 222 నిమిషాలు ఉన్నట్టు రికార్డులున్నాయి. కానీ మన చప్పుడూ, మన చెత్తా అక్కడికీ వెళ్తాయి. 2019లో ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన ఒక కువియర్ కడుపులో 40 కిలోల ప్లాస్టిక్ దొరికింది. చీకట్లో ఇవి తమ క్లిక్కుల ప్రతిధ్వనిని బట్టి స్క్విడ్‌లను పట్టుకుంటాయి. కొన్ని ప్లాస్టిక్ సంచుల నుంచి కూడా దాదాపు అలాంటి ప్రతిధ్వనే వస్తుంది.

అపోహ: గుంపుగా ఒడ్డుకొచ్చాయంటే ఆత్మహత్యే.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇది. 2000 మార్చిలో బహామాస్‌లో ఒకటిన్నర రోజులో 17 తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డుకొచ్చాయి, వాటిలో ఎక్కువ ముక్కు తిమింగలాలే. అప్పుడు దగ్గర్లో అమెరికా నౌకాదళం సోనార్ (నీళ్ళలోకి గట్టి చప్పుడు పంపి, ప్రతిధ్వనితో జలాంతర్గాముల్ని వెతికే పరికరం) వాడుతోంది. కారణం బహుశా అదేనని మరుసటి ఏడాది నౌకాదళమే భాగస్వామిగా ఉన్న నివేదిక ఒప్పుకుంది.

2002 సెప్టెంబరులో కెనరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాలు జరిగాయి. సోనార్ మొదలైన సుమారు 4 గంటలకే తిమింగలాలు ఒడ్డుకు రావడం మొదలైంది, మొత్తం 14. పోస్టుమార్టంలో రక్తనాళాల్లో గాలి బుడగలు, కొవ్వు ముక్కలు కనిపించాయి. లోతు నుంచి తొందరపడి పైకొచ్చిన డైవర్లకు వచ్చే జబ్బుని గుర్తుచేసే లక్షణాలవి. 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సోనార్ నిషేధించింది. అప్పటి నుంచి అక్కడ అలాంటి సామూహిక ఘటన ఒక్కటీ లేదని 2013లో పరిశోధకులు రాశారు. ఆత్మహత్యలైతే నిషేధంతో ఆగుతాయా?

అపోహ: సోనార్ చెవులు పగలగొడుతుంది, కాబట్టి ఓడకి దగ్గరున్నవాటికే ముప్పు.

అసలు సమస్య బెదురు. ఒంటికి ట్యాగులు (కదలికల్ని, చప్పుళ్ళని రికార్డు చేసే చిన్న పరికరాలు) అంటించి చూసినప్పుడు, చెవికి హాని చేసేంత గట్టిగా లేని సోనార్‌కే కువియర్‌లు క్లిక్కులు ఆపేశాయి, వేట మానేశాయి, గబగబా దూరంగా ఈదిపోయాయి. ఆ కంగారులో మునక లయ తప్పి ఒంట్లో బుడగలు పుడతాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మాకు మాత్రం తెరమీద గీతలు ఉన్నట్టుండి ఆగిపోవడమే కనిపిస్తుంది.

అపోహ: ఒడ్డుకు చేరిన శవాలే మొత్తం లెక్క.

కాదు. నడిసముద్రంలో చచ్చినవి చాలావరకు మునిగిపోతాయి.

అపోహ: మనిషి పెట్టే చప్పుడు ఏదైనా వీటికి చేటే.

నేనూ కొన్నాళ్ళు ఇలాగే అనుకున్నాను. కాలిఫోర్నియా తీరంలో కత్తి చేపల కోసం రాత్రంతా నీళ్ళలో వదిలే పెద్ద వలల్లో 1990-95 మధ్య పరిశీలకులు 33 ముక్కు తిమింగలాలు చిక్కడం చూశారు. 1996లో ఆ వలలకు పింగర్లు కట్టడం మొదలైంది. బీప్, బీప్ అంటూ ఉండే చిన్న పరికరాలివి. ఆ తర్వాత పదేళ్ళకు పైగా పరిశీలకులు చూసిన వలల్లో ఒక్క ముక్కు తిమింగలం కూడా పడలేదు. ఇవి చప్పుడుకి బెదిరే రకం కాబట్టి, వల ఉన్న చోటు నుంచి ముందే తప్పుకుని ఉంటాయి.