చుక్కలు లేని ముగ్గు

పిల్లలూ,

"తాతయ్యా, నీకు ఉర్దూ వచ్చు కదా, ఈ కత్తి మీద ఏమి రాశారో చెప్పు" అని మా మనవరాలు లండన్ నుంచి ఫోటో పంపింది. మ్యూజియం అద్దం వెనక ఉన్న సూడాన్ కత్తి అది. పేరు కస్కారా. తిన్నగా, రెండు వైపులా పదునుతో, పిడి దగ్గర అడ్డకమ్మీతో ఉంటుంది. పిడి నుంచి మొన దాకా అరబ్బీ అక్షరాలే. ఉలితో చెక్కినవి కావు, ఆమ్లంతో ఉక్కును తినిపించినవి.

ఉర్దూ రాసేదీ అరబ్బీ లిపిలోనే కదా అని కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. గంటకు ఒక్క మాట దొరికింది!

అమ్మమ్మ ముగ్గు చూశారుగా? ముందు చుక్కలు, తర్వాత గీతలు. అరబ్బీలో ముందు గీత, తర్వాత చుక్క. పంటి లాంటి ఒకే గీతకు కింద చుక్క పెడితే 'బ', పైన పెడితే 'న', పైన రెండు పెడితే 'త'. ఈ కత్తివాడు చుక్కలు చాలావరకు ఎగ్గొట్టాడు. ఖాళీ ఉన్నచోట మాత్రం, పండగ ముగ్గులో రంగు నింపినట్టు, అక్కర్లేని చుక్కలు చల్లాడు.

నిజాం కాలం చివర్లో మా బడి చదువు ఉర్దూలోనే. ఒకసారి పలక మీద 'ఖుదా' రాస్తూ పై చుక్క కింద పెట్టాను. 'జుదా' అయింది. దేవుడు కాస్తా ఎడబాటు అయ్యాడు! మౌల్వీ సాబ్ కొట్టలేదు, నా వేలితోనే చెరిపించారు. చుక్కే కదా అని తీసిపారేయకండి.

దొరికిన మాట 'అల్లా'. పక్కపక్కనే మూడు నిలువు గీతలు, చివర చిన్న చుట్టు. అది చిక్కితే చుట్టుపక్కల మాటలు ఊహించవచ్చు. 'అల్లా నుంచి సాయం, దగ్గరలోనే విజయం' అనే ఖురాన్ వాక్యం ముస్లిం దేశాల ఆయుధాల మీద తరచు కనిపిస్తుంది. అంకెలది మరో తంటా. మన సున్నలా ఉండేది అక్కడ ఐదు, వాళ్ల సున్న ఉత్త చుక్క. 1302 అనే సంఖ్యలో ఆ చుక్కను మరక అనుకుంటే 132 అవుతుంది. హిజ్రీ, అంటే ముస్లింల పంచాంగం, 1302 మన 1884-85. సూడాన్ మతనాయకుడు మహ్దీ సైన్యం అక్కడి రాజధాని ఖార్తూమ్‌ను పట్టుకున్న ఏడాది.

ఇలాంటి కత్తుల్లో కొన్నింటి మీద రాతలా కనిపించే అల్లిక తప్ప అక్షరమే ఉండదు. అయితేనేం, తాయెత్తు విప్పి ఎవరు చదువుతారు?

ఫోటో జత చేశాను. తలకిందులుగా తిప్పి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ ఆ మూడు నిలువు గీతల కోసం వెదకండి. నాకు ఒక్క చోటే దొరికాయి. మా మనవరాలు మూడు చోట్ల ఉన్నాయంటోంది.

మీ తాతయ్య