జముకు: ఒక్క ఊపుకి రెండు లాగుళ్లు

జముకులకథ చెప్పేవాళ్లు మీటే వాద్యం జముకు. దానికి ఉన్నది ఒకటే నరం, మెట్లు లేవు. మరి పాట వెంట అదెలా పోతుంది? పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్న. అటు కాశీనగర్, గుణుపురం దాకా జముకులకథ విన్నవాళ్లకి ఆ ‘గుంయ్’ కొత్త కాదు.

డొల్లకి ఒక మూతి మీద తోలు, రెండో మూతి ఖాళీ. తోలు నడుమ కన్నంలోంచి నరం వచ్చి, చిన్న పుల్లకి ముడిపడుతుంది. డొల్ల చంకలో, పుల్ల గుప్పిట్లో. గుప్పిలి లాగితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే జారుతుంది. ఒక స్థాయి పైకి, అంటే ‘స’ నుంచి పై ‘స’కి, పోవాలంటే మాత్రం బిగువు రెట్టింపు చాలదు, నాలుగింతలు కావాలి.

అసలు తమాషా ఇక్కడుంది. నరం ఊగేది పక్కలకి. తోలు కదలాల్సింది నరం లాగిన దిక్కుకి. నరం కుడికి పోతే సాగి తోలును లాగుతుంది. నడిమికొస్తే వదులుతుంది. ఎడమకి పోతే మళ్లీ లాగుతుంది. ఒక్క ఊపుకి రెండు లాగుళ్లు! నరం సెకనుకి 100 సార్లు ఊగితే తోలు 200 సార్లు కొట్టుకుంటుంది. అందుకే నరం కన్నా ఒక స్థాయి పైన వినిపిస్తుంది.

రెండు కొసలూ కదలని 60 సెం.మీ. నరాన్ని మధ్యలో 1 సెం.మీ. పక్కకి లాగితే 0.33 మి.మీ. సాగుతుంది. 2 సెం.మీ. లాగితే 1.33 మి.మీ. మీటు రెట్టింపైతే సాగుడు నాలుగింతలు. మెల్లగా మీటితే గొంతే లేనట్టుండే జముకు, గట్టిగా మీటగానే అరవడం ఇందుకే. పెద్ద ఊపులో సగటు బిగువూ ఎక్కువే. ఊపు తగ్గేకొద్దీ శ్రుతి దిగుతుంది. ‘గుంయ్’ తోకలో కొంత గుప్పిలిది, కొంత దీనిది. అమ్మవారే పలికిస్తుందనేవాళ్లూ ఉన్నారు. మీటు పడ్డాక పుల్ల పట్టిన గుప్పిలిని చూడండి.

డిగ్రీ ల్యాబులో చేసే మెల్డే ప్రయోగం (1859) దీనికి తిరగేసిన బొమ్మ. అక్కడ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) దారాన్ని దాని పొడవు వెంట లాగితే, దారం సగం పౌనఃపున్యంతో, అంటే దండం రెండుసార్లు ఊగితే తాను ఒక్కసారి, ఊగుతుంది. సూత్రం బట్టీ పట్టించేముందు క్లాసులో ఒక జముకు మోగించొచ్చుగా!

నరం తోలుకి నిటారుగా ఉన్నంతవరకే ఈ లెక్క. పుల్ల వాలితే పక్క ఊపు కూడా తోలుకి అంది, కింది స్థాయి కలిసి మోగుతుంది. ముసురు పట్టినప్పుడు తోలు తేమ పీల్చి వదులై, గొంతు పూడుకుపోతుంది. సెగ చూపిస్తే తేరుకుంటుంది. మరీ దగ్గర పెడితే తోలు ఎండి, ముడి లాగే చోట, కన్నం అంచునే చిరుగుతుంది.