స్టీరియో మీ ఇంటికి వస్తోంది

చిన్నా, అమ్మడూ,

మీ అమ్మ కారు వెనక సీట్లో మూడు పెట్టెలు సర్దించుకుని బయల్దేరింది. పెద్దదాంట్లో స్టీరియో, మిగతా రెండింట్లో స్పీకర్లు ఉన్నాయి. సీడీ, క్యాసెట్, రేడియో మూడూ పలుకుతాయి. వెనకున్న చిన్న రంధ్రంలో వైరు గుచ్చితే మీ ఫోన్‌లో పాటలూ వినిపిస్తుంది. దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకం ఎప్పుడో పోయింది, అందుకే ఈ ఉత్తరం. అయినా ఏ బటన్ ఎందుకో ఒక పూట నొక్కి చూస్తే మీకే తెలుస్తుంది. పాట ఆగిపోయినప్పుడు ముందు ఎక్కడ చూడాలన్నదే నేను చెప్పాలనుకున్నది.

ముందు నా తెలివి సంగతి వినండి. ఒకసారి కుడి స్పీకర్ మూగబోయింది. కాలిపోయిందనుకుని స్క్రూడ్రైవర్ పుచ్చుకుని దాని వెనక పలక విప్పాను. నాకేమీ అర్థం కాలేదు. అయితే తప్పు స్టీరియోదే అయ్యుండాలని దాని మూత కూడా విప్పాను. లోపల ఒక సన్నటి పట్టీ లాంటి కేబుల్ వేలికి తగిలి ఊడింది. దాంతో ముందున్న అంకెల వెలుగు కూడా ఆరిపోయింది. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, చివరికి రిపేరు చేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన కేబుల్ బిగించి, మూత పెట్టేసి, చప్పుడుని ఎడమ కుడి స్పీకర్లకి పంచే బ్యాలెన్స్ నాబ్‌ని మధ్యకి తిప్పాడు. రెండు స్పీకర్లూ హాయిగా పాడాయి. దుమ్ము తుడుస్తూ ఆ నాబ్‌ని ఎడమకి తిప్పేసింది నేనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అప్పట్నుంచి దేన్నీ విప్పను, మార్చి చూస్తాను. ఒక స్పీకర్ పలకలేదనుకోండి. స్టీరియో ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, వెనకవైపు ఎడమ స్పీకర్ వైర్లని కుడి చోట, కుడి వైర్లని ఎడమ చోట పెట్టండి. మళ్లీ ఆన్ చేస్తే అదే స్పీకర్ మూగగా ఉందా? అయితే లోపం ఆ స్పీకర్‌లోనో దాని వైరులోనో ఉంది. ఇప్పటిదాకా పాడినది మూగబోయి, మూగది పాడిందా? అయితే స్పీకర్లు రెండూ మంచివే, లోపం స్టీరియో పెట్టెలోనో, దానికి పాట అందించే వైరులోనో ఉంది. స్పీకర్లది కాదని తేలాక సీడీ ఆపి రేడియో పెట్టండి. రేడియో రెండువైపులా వచ్చి, ఫోన్ పాట మాత్రం ఒకవైపే వస్తే ఆ ఫోన్ వైరుని అనుమానించాలి. చాలాసార్లు దాని పిన్ను సగమే దిగి ఉంటుంది. ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ వస్తే దొంగ ఏ గదిలో ఉన్నాడో తేలిపోతుంది. ఆ తర్వాత రిపేరుకి తీసుకెళ్లినా, పాడైందండీ అని ఊరుకోకుండా ఏం చేస్తే ఏమైందో చెప్పగలరు.

మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేసినా లోపల పెద్ద కెపాసిటర్లు కొంతసేపు కరెంటుని దాచుకుంటాయి. సీడీ చదివే లేజర్ కంటికి కనబడకపోయినా కంటికి మంచిది కాదు. వెనక అంటించిన చీటీలో ఆ హెచ్చరిక ఉంటుంది, చదవండి.

ఇక స్పీకర్లు. రెండూ పక్కపక్కనే పెట్టెకి అతికించి పెడితే డబ్బు రెండు స్పీకర్లకి పెట్టి ఒక్కటే విన్నట్టు. వాటి మధ్య ఎంత దూరం ఉందో, మీరు కూర్చునే చోటు నుంచి ఒక్కోదానికీ దాదాపు అంతే దూరం ఉండాలి. అంటే మూడు మూలలూ సమానంగా ఉన్న త్రిభుజం. అక్కడ కూర్చుని కళ్లు మూసుకుంటే పాడే మనిషి రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. మనిషి చెవులు చేసే గారడీ అది. ఒకే గొంతు రెండువైపుల నుంచీ సమానంగా, ఒకే క్షణంలో వస్తే అది మధ్యలో ఉందని మెదడు తేల్చేస్తుంది. ఈ సంగతి మీద 1931లో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు మనం స్టీరియో అంటున్నదానికి పునాదులు అందులో ఉన్నాయి.

ఆ గారడీ పాడవడానికి ఒక్క వైరు తిరగబడితే చాలు. స్పీకర్ వైరులో రెండు తీగలుంటాయి, ఒకదాని మీద గీతో రంగో ఉంటుంది. గీత ఉన్నది రెండు స్పీకర్లకీ ఎరుపు చోటే పెట్టాలి. ఒకవైపు తిరగేశారనుకోండి, ఒక స్పీకర్ గాలిని ముందుకి తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. పాట వస్తూనే ఉంటుంది గానీ డోలు దెబ్బలో బలం పోతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. అనుమానమొస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. స్పీకర్ వైరుని స్టీరియో నుంచి పూర్తిగా ఊడదీసి, గీత ఉన్న తీగ చివరని ఒకటిన్నర వోల్టుల సెల్ ప్లస్సుకీ, రెండోదాన్ని మైనస్సుకీ ఒక్క క్షణం తాకించి తీసేయండి. టప్పుమని చప్పుడొచ్చి, స్పీకర్‌లోని కాగితపు గిన్నె బయటికి పొంగుతుంది. ఒకటి బయటికీ ఇంకోటి లోపలికీ కదిలితే, ఒకదాని తీగలు తారుమారయ్యాయన్నమాట. అమ్మడూ, నీకిది బాగా నచ్చుతుంది, నాకు తెలుసు. సెల్‌ని అలాగే పట్టుకుని కూర్చోకు, లోపలి చుట్ట వేడెక్కుతుంది.

వైరు కొసలు ఒక సెంటీమీటరు ఒలిస్తే చాలు. పోగులని మెలేసి మరీ దూర్చండి. ఒక్క పోగు విడిపోయి పక్క తీగకి తగిలినా షార్టవుతుంది. అప్పుడు పెట్టె తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోవచ్చు, ఆగకపోతే కాలిపోవచ్చు. స్పీకర్ వెనకా స్టీరియో వెనకా ఓమ్‌లు అని ఒక అంకె ఉంటుంది, కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత అది. ఎప్పుడైనా స్పీకర్లు మార్చాలనుకుంటే, స్టీరియో మీద రాసినదానికన్నా తక్కువ ఓమ్‌లవి తగిలించకండి, లాగే కరెంటు పెరిగి పెట్టె ఉడుకెత్తుతుంది. గాలి ఆడే కంతల మీద గుడ్డలూ పుస్తకాలూ పెట్టకూడదని వేరే చెప్పాలా? ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్గు పీకేయండి.

చిన్నా, ఇది నీకు. వాల్యూమ్. నాబ్ చివరిదాకా తిప్పితే పాట పెద్దదవుతుందనుకోకు. చెవికి రెండింతలు వినబడాలంటే స్టీరియో దాదాపు పది రెట్లు బలం పెట్టాలి. ఇంత చిన్న పెట్టెకి అంత ఓపిక ఎక్కడిది? ఒక స్థాయి దాటాక అది పాట అలల తలలు నరికేసి పంపుతుంది. అప్పుడు గొంతు బొంగురుపోయి చిరిగినట్టు వినిపిస్తుంది. అది వినిపించిన వెంటనే తగ్గించాలి. లేకపోతే ముందుగా పోయేది సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్. చెవుల సంగతి కూడా ఉంది. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి ఎనిమిది గంటలకి మించి వింటే చెవులకి ముప్పని లెక్క. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. పక్కవాళ్లు గోల పెడితే వాల్యూమ్ కన్నా ముందు బాస్ తగ్గించి చూడు. గోడలు దాటి వెళ్లేది ఎక్కువగా ఆ దబదబలే. స్పీకర్లని నేల మీద, గోడమూల ఆనించి పెట్టినా బాస్ ఉబ్బిపోతుంది, కాస్త ఎత్తు మీద పెట్టు.

ఫోన్ తగిలించినప్పుడు ఫోన్ వాల్యూమ్ ముప్పావు పైన ఉంచి, మిగతాది స్టీరియో నాబ్‌తో సర్దుకోండి. తిరగేసి చేస్తే, ఫోన్ నుంచి వచ్చిన బక్క పాటతో పాటు వైరులోని సన్నటి రొదని కూడా స్టీరియో పెంచి వినిపిస్తుంది.

సీడీల మెరిసే వైపునే అందరూ జాగ్రత్తగా చూసుకుంటారు, పేరు రాసి ఉన్న వైపుని బల్ల మీద గీరుతారు. నిజానికి పాట దాగున్న పొర పేరు వైపే ఉంది, దాని మీద సన్నటి పూత ఒక్కటే అడ్డు. మెరిసే వైపు మిల్లీమీటరు పైన మందం ప్లాస్టిక్కు ఉంది. కాబట్టి పేరు వైపు గీత పడితే పాటే పోయినట్టు. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. పాట లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా రాసి ఉంటుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టలో కొంచెమే చెరుపుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల వరకు చెరిగినా యంత్రం లెక్కకట్టి పూడ్చుకోగలదు. చుట్ట వెంబడే పడిన గీత మాత్రం ఒకే చోట చాలా మింగేస్తుంది, పాట అక్కడే తడబడుతుంది. చల్లటి చోటు నుంచి పెట్టెని వెచ్చటి గదిలోకి తెస్తే లోపలి కటకం మీద ఆవిరి పడుతుంది, సీడీ చదవదు. ఒక గంట ఆగితే అదే ఆరిపోతుంది.

రేడియోకి వెనక వేలాడే వైరే యాంటెన్నా. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఉంచితే రొదే వస్తుంది. తిన్నగా చాపి, గోడ వెంబడి అటూ ఇటూ జరిపి చూడండి. అప్పటికీ సుయ్యిమంటుంటే రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం పంపే మోనో బటన్ నొక్కండి, రొద బాగా తగ్గుతుంది.

క్యాసెట్ భాగమంటే నాకు కాస్త పక్షపాతం, ఒప్పుకుంటాను. సెకనుకి నాలుగు ముప్పావు సెంటీమీటర్ల చొప్పున టేపు, పాటని చదివే హెడ్ అనే ముక్కని రాసుకుంటూ వెళ్తుంది. దాని మీది గోధుమరంగు పొడి కొంచెం కొంచెం హెడ్‌కి అంటుకుంటుంది. కొన్నాళ్లకి పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది, తాళాల ఝణఝణ పోతుంది. అందరూ క్యాసెట్ అరిగిపోయిందంటారు గానీ, చాలాసార్లు తప్పు ఆ పొడిదే. ప్లగ్గు పీకి, క్యాసెట్ తలుపు తెరిచి, దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండి, మెరిసే హెడ్ మీద మెల్లగా రాయండి. తర్వాత దాని పక్కన గుండ్రంగా తిరిగే సన్నటి ఉక్కు కడ్డీ మీద. దూది గోధుమరంగుకి తిరుగుతుంది, తెల్లగా వచ్చేదాకా పుల్లలు మార్చండి. కడ్డీకి ఆనుకునే నల్ల రబ్బరు చక్రానికి ఆ ఆల్కహాల్ మరీ ఎక్కువైతే ఎండిపోతుంది, దానికి తడి పుల్ల చాలు. గోళ్ల రంగు తుడిచే మందు మాత్రం దగ్గరికి రానీయకండి, ప్లాస్టిక్కుని తినేస్తుంది. అంతా ఆరాకే క్యాసెట్ వేయండి.

ప్లే బటన్ నొక్కి ఉండగా గోడ దగ్గర స్విచ్ ఆపేసి వెళ్లిపోకండి. రబ్బరు చక్రం కడ్డీకి అదుముకుపోయి రాత్రంతా అలాగే ఉంటే దానికి గుంట పడుతుంది, ఆ తర్వాత ప్రతి పాటా వణుకుతుంది. ఎప్పుడూ స్టాప్ నొక్కి వెళ్లాలి. లోపల రబ్బరు బెల్టులున్నాయి. నెలల తరబడి కదలకుండా పడుంటే అవి ఒకే వంపులో బిగుసుకుపోతాయి, పాతబడ్డాక సాగి జారుతాయి. అందుకే వింటున్నా వినకపోయినా నెలకోసారి క్యాసెట్ వేసి ఒక వైపంతా తిప్పండి. టేపు లోపల చిక్కుకుంటే లాగకండి. ఆపి, మెల్లగా విడదీసి, ఆరు పలకల పెన్సిల్ క్యాసెట్ పళ్ల చక్రంలో దూర్చి వెనక్కి చుట్టండి. నలిగిన చోట పాట ఒక్క క్షణం మూలుగుతుంది, అంతే.

వాల్యూమ్ నాబ్ తిప్పుతుంటే బరబరమంటే ఆఫ్ చేసి, దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పండి. చాలావరకు పోతుంది. రిమోట్ పనిచేయకపోతే ఫోన్ కెమెరా ముందు పట్టి బటన్ నొక్కండి, కొసన వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉన్నట్టు. అన్ని కెమెరాల్లోనూ కనబడదు, ముందువైపు కెమెరాతో కూడా చూడండి. సెల్స్ తీసి విడిగా పంపాను, కారి రిమోట్‌ని పాడుచేయకుండా.

మీ తాతయ్య

తా.క.: పెట్టెలో ఒక క్యాసెట్‌కి వెనక అంచున ఉండే చిన్న పలకలు రెండూ విరిచి ఉన్నాయి. అవి లేకపోతే రికార్డు బటన్ దిగదు. ఆ కంతల మీద టేపు అతికిస్తే మళ్లీ దిగుతుంది, కానీ దానికి మాత్రం అతికించకండి. మీ అమ్మ ఆరేళ్లప్పుడు నన్ను తిట్టిన తిట్లన్నీ అందులో ఉన్నాయి. రెండో వైపు, అమ్మ ఇంట్లో లేనప్పుడు వినండి.